బొద్దింక నీ చెప్పుని చూడలేదు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు పంపిన బొద్దింక వ్యాసం చదివాను, బాగానే రాస్తున్నావ్, చెయ్యి తిరుగుతోంది, కానీ "చెప్పు చూడగానే భయంతో వణికిపోయి పారిపోయింది" అన్నావ్ చూడు, అక్కడ పంటికింద రాయి తగిలింది. అది చెప్పుని చూసిందని నీకెవరు చెప్పారు?

దాని వెనక చివర రెండు బుల్లి కొమ్ముల్లాంటివి ఉంటాయి, సెర్సై అంటారు, వాటి మీద సన్నటి నూగు. చెప్పు కిందకి వస్తుంటే దానికంటే ముందు గాలి కదులుతుంది కదా, ఆ గాలికి ఆ నూగు వంగుతుంది, ఎటు వంగిందన్న దాన్ని బట్టి దెబ్బ ఎటునుంచి వస్తోందో తేలిపోతుంది, ఇక పొట్ట చివరున్న నాడీముడి (నరాల కణాల గుంపు) నుంచి లావుపాటి నరాలు ఆ కబురుని నేరుగా కాళ్లుండే ఛాతీ భాగానికి మోసేస్తాయి, తల పర్మిషన్ కోసం ఆగే పనే లేదు. గాలి తగిలాక ఒళ్లు తిప్పడానికి దాదాపు సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఇదంతా రాసుంటే భయం అన్న మాట అవసరమే పడేది కాదు.

అందుకే పురుగు మనసులో దూరకు, ఒంట్లో దూరు. ఏ అవయవానికి ఏం తగిలింది, దాంతో ఒళ్లు ఏం చేసింది, అంతే. ఈగకి వేల బొమ్మలు కనిపిస్తాయని రాశావ్, అది తీసెయ్. కంట్లో ఉన్న ఒక్కో చిన్న కన్ను ఒక్కో చుక్కంత వెలుగే పట్టుకుంటుంది, అన్నీ కలిస్తే ఒక్కటే బొమ్మ, అదీ మసకగా.

ఇంకోటి, జవాబు ముందే చెప్పేసి కూర్చోకు, ప్రశ్నతో మొదలుపెట్టు. ఆడ కీచురాయి మగదాని దగ్గరికి దేన్ని బట్టి వెళ్తుంది, వాసనా, చూపా, పాటా? 1913లో రేగెన్ అనే ఆయన మగ కీచురాయి పాటని టెలిఫోన్‌లో వినిపిస్తే ఆడది నడుచుకుంటూ రిసీవర్ దగ్గరికే వచ్చింది, అక్కడ మగదీ లేదు దాని వాసనా లేదు. ఇది చెప్పాక అప్పుడు చెప్పు దాని చెవులు ముందు కాళ్ల మీద, మోకాలి కింద ఉంటాయని, పాఠకుడు ఎగిరి గంతేస్తాడు. ముందే చెప్పేస్తే క్విజ్ బిట్ అయిపోతుంది.

పూలెక్కడున్నాయో చెప్పుకునే తేనెటీగల డాన్స్ మాత్రం కొన్నాళ్లు వదిలెయ్ (దాని అర్థం విప్పిన ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చిన దగ్గర్నుంచి అందరూ అదే అరగదీస్తున్నారు). రాయక తప్పదంటే ఒక్కటి గుర్తుపెట్టుకో, తొర్రల్లో, పెట్టెల్లో పెట్టే తుట్టె దగ్గర చీకటి, మిగతా ఈగలు ఆ డాన్స్‌ని కళ్లతో చూడవు, మీసాలు ఆనించి తెలుసుకుంటాయి. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు.

తల లేకపోయినా బొద్దింక రోజుల తరబడి బతుకుతుందన్న లైన్ ఉంచు, కానీ ఎందుకో కూడా రాయి. ఊపిరి ఒంటి పక్కనున్న రంధ్రాల గుండా పోతుంది కాబట్టి ముక్కుతో పని లేదు, మనకున్నంత రక్తపోటు లేదు కాబట్టి మెడ దగ్గర ధారగా కారిపోదు, కాళ్లు కదిలించే నాడీముడులు ఛాతీలోనే ఉన్నాయి. చివరికి నీళ్లు తాగడానికి నోరు లేక చస్తుంది. ఆ పేరా తిరగరాసి ఆదివారంలోపు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.