నడుముకొకటి, జేబులో ఇంకొకటా?

అమెరికాలో చట్టప్రకారం తుపాకి దగ్గర పెట్టుకునే తెలుగువాళ్ళ నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఈసారి చాలామంది అడిగింది రెండో తుపాకి గురించే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: టెక్సస్‌లో మాకు గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి గల్లా కట్టి షాపు మూసేది నేనే. నడుముకు గ్లాక్ 19 (9 ఎం.ఎం. పిస్టల్) పెట్టుకుంటాను. బ్యాకప్‌గా ఇంకొకటి కొనమని మావాళ్ళు ఒకటే పోరు. స్మిత్ అండ్ వెసన్ 642 మేలా, రూగర్ ఎల్‌సీపీనా, గ్లాక్ 26 ఆ?

జవాబు: ముందు మీ దగ్గర అదనపు మ్యాగజైన్, అంటే గుళ్ళు నింపి పిడిలోకి దూర్చే డబ్బా, ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెండో తుపాకి మాట తర్వాత. పిస్టల్ మొరాయించడానికి మ్యాగజైనే కారణమయ్యే సందర్భాలు చాలా ఎక్కువ. పూర్తిగా లోపలికి దిగదు, కింద పడి పై అంచులు వంగుతాయి, స్ప్రింగు నీరసిస్తుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మ్యాగజైన్ అడుగున అరచేత్తో గట్టిగా కొట్టి, స్లైడ్‌ని (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప భాగం) చివరిదాకా లాగి వదలాలి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. రెండు గుళ్ళు ఒకేసారి చాంబర్ (పేలేముందు గుండు కూర్చునే గది) దగ్గర ఇరుక్కుంటే మాత్రం ఇది చాలదు. స్లైడ్‌ని వెనక్కి లాగి ఆపాలి, మ్యాగజైన్ ఊడబీకాలి, రెండు మూడుసార్లు స్లైడ్ ఆడించి ఖాళీ చేయాలి, కొత్త మ్యాగజైన్ పెట్టి మళ్ళీ లాగాలి. ఆ ‘కొత్త మ్యాగజైన్’ మీ దగ్గర లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. పావు కిలో బరువున్న ఆ డబ్బా చేసే పనికి నాలుగైదు వందల డాలర్ల రివాల్వర్ కొనడం దండగ.

ఇక రెండో తుపాకి ఎప్పుడు అక్కరకొస్తుంది? మొదటిదాన్ని ఎదుటివాడు పట్టుకుని గుంజుతున్నప్పుడు. కుడిచేతికి దెబ్బ తగిలినప్పుడు. కారులో సీటుబెల్టు అడ్డుపడి కుడి నడుముకు చెయ్యి అందనప్పుడు. మొదటిదాంట్లో ఏదో విరిగి, అక్కడికక్కడ బాగయ్యేది కానప్పుడు. మొదటి మూడింట్లోనూ కావాల్సింది ఎడమచేతికి అందే తుపాకి. అంటే ఏది కొనాలన్నది తర్వాత, ఎక్కడ పెట్టుకుంటారన్నది ముందు తేల్చుకోవాలి. కుడి నడుముకు ఒకటి, దాని వెనకే కుడి జేబులో ఇంకొకటి పెట్టుకుంటే చెయ్యి దెబ్బతిన్న రోజున రెండూ బరువే.

గ్లాక్ 26 అందం ఏమిటంటే ట్రిగ్గర్ అదే, గుళ్ళు అవే, మీ 19 మ్యాగజైన్ దాంట్లో సరిగ్గా పడుతుంది. కింద కాస్త వేలాడుతుంది, అంతే. 26 మ్యాగజైన్ మాత్రం పొట్టిది, 19 పిడి చివరిదాకా అందదు. కాబట్టి అదనపు మ్యాగజైన్ ఎప్పుడూ 19దే పెట్టుకోవాలి. చిక్కు మందంలో ఉంది. 26 పొట్టిదే గానీ సన్నది కాదు. ప్యాంటు జేబులో ఇటుకముక్క పెట్టుకున్నట్టుంటుంది. గుళ్ళతో కలిపి 19 సుమారు 850 గ్రాములు, 26 సుమారు 740. రెండూ కలిస్తే కిలోన్నర దాటింది. వారం తిరక్కుండానే రెండోది షాపు సొరుగులో పడి ఉంటుంది.

ఎల్‌సీపీ ఖాళీగా 275 గ్రాములు కూడా ఉండదు. జేబులో ఉందో లేదో తెలియదు. అదే బరువు పేల్చినప్పుడు పగబడుతుంది. పిడికి రెండు వేళ్ళే ఆనతాయి, గురి చూసుకునే మొనలు పేరుకే ఉంటాయి. దాని .380 గుండు, మీ 9 ఎం.ఎం. గుండు ఒకే లావు. రెండు పెట్టెలూ ఒకే సొరుగులో ఉంటే 9 ఎం.ఎం. మ్యాగజైన్‌లోకి .380 దూరిపోతుంది, లోడ్ చేసేటప్పుడు చేతికి తెలియదు కూడా.

642 అయిదు గుళ్ళ .38 స్పెషల్ రివాల్వర్, 400 గ్రాముల పైచిలుకు. గుండును పేల్చే సుత్తి లోపలే దాగి ఉంటుంది కాబట్టి జేబు గుడ్డకు తగులుకోదు. పెనుగులాటలో ఎదుటివాడి ఒంటికి ఆనించి నొక్కితే పిస్టల్ స్లైడ్ కాస్త వెనక్కి జరిగి పేలకుండా పోవచ్చు. దీనికి స్లైడే లేదు. దోషాలకూ కొదవలేదు. ట్రిగ్గర్ బరువు సుమారు 12 పౌన్లు, అంటే మీ గ్లాక్‌కి రెట్టింపు. గొట్టం రెండంగుళాలు కూడా లేదు. అయిదూ అయిపోతే మళ్ళీ నింపడం నిదానం.

మీ పని కౌంటర్ వెనక, కారులో. ఎడమ ముందు జేబులో జేబు హోల్‌స్టర్‌తో (తుపాకి ఒరతో) 642 పెట్టుకోవడం మీకు నప్పుతుంది, నెలకు యాభై గుళ్ళయినా ఎడమచేత్తో పేల్చే ఓపిక ఉంటేనే. ఆ ఓపిక లేదనుకుంటే రెండోది కొనకండి. ఆ డబ్బుతో 9 ఎం.ఎం. గుళ్ళు కొనుక్కుని 19తోనే సాధన చేయండి. రీలోడ్ చేసేకన్నా రెండో రివాల్వర్ తీయడమే వేగమన్న అలవాటును ‘న్యూయార్క్ రీలోడ్’ అంటారు. ఆరు గుళ్ళ రివాల్వర్లు మోసిన రోజుల నాటి పోలీసు లెక్క అది. మీ నడుముకున్నదాంట్లో పదిహేనున్నాయి.

గల్లా డబ్బు అడిగితే ఇచ్చేయండి. తుపాకులు రెండున్నా ఈ మాట మారదు.

ప్రశ్న: మాది జార్జియా. నాకు స్లైడ్ లాగడం కష్టంగా ఉంది. షాపులో ‘ఆడవాళ్ళకైతే చిన్న రివాల్వరే మంచిది’ అన్నారు. ఎక్కువగా కుర్తాలే వేసుకుంటాను.

జవాబు: చిన్న తుపాకి చిన్న చేతికి సులువన్నది షాపులవాళ్ళు ఎప్పటికీ వదలని అపోహ. తేలికైన రివాల్వర్ అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. 12 పౌన్ల ట్రిగ్గర్, పైగా పేలినప్పుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ. పది గుళ్ళకే బొటనవేలి మొదలు నొప్పెడితే మీరు మళ్ళీ రేంజ్ (తుపాకి సాధన చేసే చోటు) మొహం చూడరు.

ముందు స్లైడ్ లాగే పద్ధతి మార్చి చూడండి. మ్యాగజైన్ తీసేసి, చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. గొట్టం ముందువైపుకే, వేలు ట్రిగ్గర్ బయట. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి. ఎడమచేతి నాలుగు వేళ్ళతో స్లైడ్ వెనకభాగాన్ని పైనుంచి పట్టి, ఆ చేతిని కదలనీయకుండా కుడిచేత్తో పిడిని ముందుకు తోయండి. బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు లాగితే ఎవరికీ రాదు. తోసేటప్పుడు భుజం బలం పనిచేస్తుంది. గొట్టం పక్కకు తిరక్కుండా చూసుకోండి, ఇక్కడే పొరపాటు జరిగేది.

అప్పటికీ రాకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ చూడండి. స్లైడ్ తేలిగ్గా జరగడానికనే చేసిన మోడల్, 9 ఎం.ఎం.లోనూ .380లోనూ వస్తుంది, మ్యాగజైన్‌కి ఎనిమిది గుళ్ళు. దీని పిడి వెనక ఒక మీట ఉంటుంది. పట్టు వదులైతే అది నొక్కుకోదు, తుపాకి పేలదు. మీ పట్టుకు అది నొక్కుకుంటోందో లేదో రేంజ్‌లోనే తేల్చుకోండి. సెకండ్ హ్యాండ్ 9 ఎం.ఎం. ఈజెడ్ కొంటుంటే సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోండి. 2020 మార్చి నుంచి అక్టోబరు మధ్య తయారైనవాటిని సుత్తి లోపం వల్ల పరీక్షకు వెనక్కి పిలిచారు.

కుర్తా సంగతి. పక్క చీలికలు నడుము దాకా వస్తే కూర్చున్నప్పుడు పిడి బయటపడుతుంది. సల్వార్ నాడా హోల్‌స్టర్ బరువు మోయదు. పొట్టకు చుట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండ్ వాడొచ్చు గానీ, ట్రిగ్గర్‌ని కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) తొడుగు దానికి ఉండి తీరాలి. ఉత్త గుడ్డ సంచిలాంటిదైతే వద్దు, బయటనుంచి నొక్కినా ట్రిగ్గర్ కదులుతుంది. తిరిగి పెట్టుకునేటప్పుడు కుర్తా అంచును ఎడమచేత్తో పూర్తిగా పైకెత్తి, హోల్‌స్టర్ నోరు కంటితో చూసుకుని, నిదానంగా దించండి. కుర్తా కొసో, జాకెట్ దారమో ట్రిగ్గర్ గార్డులో దూరి పేలడం ఇలాంటప్పుడే. తొందరగా తీయాల్సి రావచ్చేమో గానీ, తొందరగా పెట్టుకోవాల్సిన అవసరం ఏ రోజూ రాదు. చీరకు సరైన దారి లేదు. హ్యాండ్‌బ్యాగ్ అంటారా, అది కాస్ట్‌కోలో కార్ట్ మీద ఉంటుంది, పక్కనే పిల్లాడుంటాడు.

ప్రశ్న: చీలమండకు కట్టుకునే హోల్‌స్టర్ బాగుంటుందా?

జవాబు: రోజంతా కారు నడిపేవాళ్ళకు బాగుంటుంది. నిలబడి పనిచేసేవాళ్ళు వంగి, మోకాలి మీద కూర్చుని, ప్యాంటు ఎత్తితే గానీ అందదు. దుమ్మంతా అక్కడే చేరుతుంది. వారానికోసారి గుళ్ళు తీసి బ్రష్‌తో దులపాలి.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకి పేల్చొచ్చా? గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, ఈలోగా ఒకటి కొనుక్కోవచ్చా?

జవాబు: 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం, దాని సవరణల ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, గుళ్ళు గానీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. రేంజ్‌లో పది నిమిషాలు చేతిలో పట్టుకోవడం కూడా ‘కలిగి ఉండటమే’. ప్రధానమైన మినహాయింపు, ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరుకుతుంది గానీ, గడువు దాటిన మర్నాడే మీరు మళ్ళీ నిషేధంలోకి వచ్చేస్తారు. ఇంట్లో ఉన్న తుపాకితో సహా. నేరం రుజువైతే 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు, దేశం నుంచి పంపించేయడానికీ అది చాలు. కొనడం మాత్రం గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే పెట్టుకోండి. అప్పటిదాకా ఫ్రెండ్స్‌తో బౌలింగ్‌కి వెళ్ళండి.

ప్రశ్న: టెక్సస్‌లో తుపాకి వెంట పెట్టుకోవడానికి లైసెన్సే అక్కర్లేనప్పుడు ఎల్‌టీసీ (ఆ లైసెన్సు) తీసుకోవడం దేనికి?

జవాబు: నిజమే, 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, ఇతరత్రా అనర్హత లేనివాళ్ళకు అక్కర్లేదు. అయితే బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకితో వెళ్ళకూడదనే ఫెడరల్ చట్టం ఆ రాష్ట్రపు లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఇస్తుంది. పిల్లల్ని దింపడానికి రోజూ వెళ్ళేది ఆ వీధిలోనే కదా. పైగా పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల ఎల్‌టీసీ చెల్లుతుంది. న్యూయార్క్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ప్రతి హ్యాండ్‌గన్‌నీ లైసెన్సులో ఎక్కించాలి, బ్యాకప్‌తో సహా.

ప్రశ్న: రోజూ రాత్రి పిస్టల్ ఖాళీ చేసి పొద్దున్నే మళ్ళీ లోడ్ చేస్తాను. గుళ్ళు చెడిపోతాయా?

జవాబు: అన్నీ కాదు, చాంబర్‌లోకి వెళ్ళే ఆ పై గుండు చెడిపోవచ్చు. స్లైడ్ దాన్ని ముందుకు తోసిన ప్రతిసారీ దాని ముక్కు ఏటవాలుగా ఉన్న ఇనుముకు గుద్దుకుంటుంది. పదేపదే ఇలా జరిగితే గుండు ఇత్తడి తొడుగులోకి కాస్త దిగబడవచ్చు. లోపల చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పెట్టెలోంచి కొత్త గుండు తీసి, రెండింటినీ బల్లమీద పక్కపక్కన నిలబెట్టండి. పైన స్కేలు అడ్డంగా పెడితే పొట్టిది తెలిసిపోతుంది. దాన్ని పేల్చకండి, రేంజ్‌లో పాడైన గుళ్ళ డబ్బాలో వేయండి. అసలు రోజూ ఖాళీ చేయడం మానేసి, పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా తీసి లాక్‌బాక్స్‌లో పెట్టేయడం మేలు. తాకడం ఎంత తగ్గితే పొరపాటు అంత తగ్గుతుంది.

తేలికపాటి రివాల్వర్లలో దీనికి తిరగేసిన చిక్కు ఉంది. ఎదురుదెబ్బకు మిగిలిన గుళ్ళు ముందుకు జారి, సిలిండర్ తిరక్కుండా పట్టేయవచ్చు. నాలుగు పేల్చి అయిదోదాని పొడవు కొలిచి చూడండి. జారుతుంటే ఆ రకం మానేయండి. రెండంగుళాల .38కి 148 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాడ్‌కటర్‌కే, అంటే చదును మొన గుండుకే, మా ఓటు, ఎదురుదెబ్బ తక్కువ, లోపలికి దిగడం సరిపడా. 9 ఎం.ఎం.లో 124 లేదా 147 గ్రెయిన్ల హాలోపాయింట్ (మొనలో గుంట ఉండే గుండు). ఒంటి కండకు బదులు పరీక్షకు వాడే జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న ఎఫ్‌బీఐ కొలతను అందుకునేది చూసి కొనండి. కొత్త పిస్టల్‌ని 200 మామూలు గుళ్ళు, పైన 50 హాలోపాయింట్లు ఏ ఆటంకం లేకుండా మింగాకే నడుముకు పెట్టుకోండి.

ప్రశ్న: ఇండియా నుంచి అమ్మానాన్న ఆరు నెలలకు వస్తున్నారు. ఇంట్లో ఏడేళ్ళ బాబు.

జవాబు: పరుపు కింద, బీరువా పైన, బియ్యం డబ్బా వెనక అన్నవి దాచడం కిందికి రావు. బాబుకి మీకన్నా ముందే తెలుసు. నంబరు బటన్ల లాక్‌బాక్స్‌ని మంచానికో, గోడకో బోల్టు వేయండి. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకి అందేలా వదలడం నేరమే. అమ్మానాన్న బి-2 మీద వస్తారు కాబట్టి పైన చెప్పిన వీసా నిషేధం వాళ్ళకూ వర్తిస్తుంది. ‘అవసరానికి ఉంటుంది’ అని కోడ్ చెప్పకండి. ఇంట్లో రెండు తుపాకులుంటే రెండింటికీ తాళం పడాలి. సాధారణంగా సోఫా మీద దొరికేది ప్యాంటు జేబులో మరిచిపోయిన ఆ చిన్నదే.

ప్రశ్న: వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాం. పిస్టల్ వెంట తెచ్చుకోవచ్చా?

జవాబు: తేలేరు. మన ఆయుధాల చట్టం కింద 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్ (గొట్టం లోపలి కొలత). మామూలు లైసెన్సుదారులకు ఇండియాలో ఎక్కువగా దొరికేది .32 తరగతి. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులే పరిమితి, అదీ లైసెన్సు చేతికొస్తేనే. అమెరికాలోనే లైసెన్సున్న డీలర్‌కి అమ్మేసి రసీదు దగ్గర పెట్టుకోండి.

దానికన్నా ముఖ్యం, రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌ని ప్రయాణానికి తేవద్దు. అడుగు కుట్టులో, పక్క జిప్పులో ఒక్క గుండు చిక్కుకుని ఉన్నా శంషాబాద్‌లో స్కానర్ పట్టేస్తుంది. అది తెలియక మిగిలిపోయిందని మీరు రుజువు చేసుకునేలోగా విమానం, సెలవులు రెండూ పోతాయి. తప్పనిసరై అదే సంచి తేవాల్సి వస్తే తిరగేసి దులిపి, ప్రతి జేబునూ లోపలి గుడ్డ బయటకు లాగి చూడండి.