విమానాల మైదానంలో వైఫై పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాల పిచ్చి ఉన్నవాళ్ళం, పాతపట్నం, టెక్కలి, గుణుపురం మిత్రులతో కలిసి జనవరిలో మూడు రోజులు ఊరి బయట మైదానంలో టెంట్లు వేసుకుని దిగుతున్నాం. పిల్లాజెల్లాతో నూట యాభై మంది దాకా ఉంటాం. కొండల చాటు కావడంతో ఫోన్ సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. అర కిలోమీటరు దూరంలో స్నేహితుడి ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, అక్కడి నుంచి అందరికీ వైఫై ఇద్దామంటే మాలో ఒక పెద్దాయన "విమానాలు కూలిపోతాయర్రా" అని అడ్డం పడుతున్నారు. నిజమేనా?

జవాబు: ఆయన మాటలో సగం నిజముంది. ఇప్పటి రిమోట్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో తరంగాల పట్టీ (బ్యాండ్) మీదే నడుస్తాయి, మామూలు వైఫై కూడా అక్కడే. రిమోట్ ఒక్కచోట ఉండకుండా ఆ బ్యాండంతా గంతులేస్తూ పోతుంది కాబట్టి వైఫై ఆన్ చేయగానే విమానం నేలకి కొట్టుకోదు. అయితే మీరు చూసుకోవాల్సింది మీ చేతిలోని రిమోట్‌ని కాదు, గాల్లో ఉన్న విమానంలో ఆ సిగ్నల్‌ని అందుకునే రిసీవర్‌ని. అది టెంట్ల వైపు వెళ్ళినప్పుడు వైఫై డబ్బాకి దగ్గరై, మీకు దూరమవుతుంది, అప్పుడే రేంజ్ తగ్గుతుంది. అసలు జనం మీదుగా ఎగరేయడమే తప్పు, అది వేరే గొడవ.

కాబట్టి 2.4 పూర్తిగా ఆపేసి 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇవ్వండి. పాత ఫోన్లవాళ్ళు గోల పెడితే వంటల టెంట్ దగ్గర ఒక్క డబ్బాలో, అదీ తక్కువ పవర్‌లో 2.4 ఉంచండి చాలు. కానీ 5లోనూ ఒక మెలిక ఉంది. కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని విమానం కెమెరాలోంచి చూస్తూ ఎగరేసే కుర్రాళ్ళు మీలో ఉంటే వాళ్ళ వీడియో ఎక్కువగా 5.8 దగ్గరే వస్తుంది, వైఫైలో 149 నుంచి 165 దాకా నంబర్లున్న ఛానళ్ళు (బ్యాండ్‌లోని చిన్న భాగాలు) సరిగ్గా అక్కడే పడతాయి. డబ్బాలు నాలుగైతే 36, 40, 44, 48 ఛానళ్ళు తలా ఒకటి ఇచ్చి ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపండి. ఛానల్ ఎంపికని ఆటోమేటిక్‌కి వదిలేయకండి, డబ్బా పోయి 149లో కూర్చోవచ్చు. మొదటి రోజు పొద్దున్నే వైఫై ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి, రిమోట్‌ని రేంజ్ టెస్ట్ మోడ్‌లో (పవర్ బాగా తగ్గించి పరీక్షించే పద్ధతి) పెట్టి ముప్పై అంగలు నడిచి చూడండి. తేడా ఉందో లేదో పెద్దాయనకే చూపించినట్టవుతుంది.

అర కిలోమీటరుకి మామూలు లాన్ కేబుల్ పనికిరాదు, దాని హద్దు 100 మీటర్లు. స్నేహితుడి డాబా మీద ఒకటి, మైదానంలో వెదురు బొంగుకి ఒకటి, ఎదురెదురుగా చూసే వైర్‌లెస్ బ్రిడ్జి (తీగ లేకుండా నెట్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే జంట డబ్బాలు) పెట్టండి, ఛానల్ 100 నుంచి 116 మధ్యలో. మధ్యలో మామిడిచెట్టు కొమ్మ అడ్డొస్తే మాత్రం లింకు సరిగా ఉండదు, ఆకులు సిగ్నల్‌ని బాగా తాగేస్తాయి. టెంటు గుడ్డతో ఇబ్బంది లేదు, అడ్డంగా నిలబెట్టిన వ్యాన్లతోనే తలనొప్పి. కరెంటుకి జనరేటర్‌ని నమ్ముకోకండి, రాత్రి ఆపేస్తారు. ఇంట్లో వాడే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఈ సామానుకి తెల్లారేదాకా సరిపోతుంది.

టెన్షన్ అంతా రాత్రి ఎనిమిది తర్వాతే. పొద్దుటి నుంచి తీసిన వీడియోలన్నీ అందరూ ఒకేసారి ఎక్కిస్తారు, ఫోన్లు ఫొటోల బ్యాకప్ మొదలుపెడతాయి, ఇక ఎవరికీ వాట్సాప్ మెసేజ్ కూడా వెళ్ళదు. మనిషికి రెండు ఎంబీపీఎస్ అని, అప్‌లోడ్‌కి ఇంకా తక్కువ అని రౌటర్‌లోనే కట్టడి చేయండి. మొహమాటపడకండి. వాతావరణం చూసుకోవడానికి, యూపీఐకి, ఇంటికి ఫోన్ చేయడానికి అది చాలు, సినిమాలు ఊళ్ళో చూసుకోవచ్చు. నెట్‌కి తగిలే ప్రతి ఫోన్‌కీ రౌటర్ ఒక అడ్రస్ (నంబరు) ఇవ్వాలి, ఇంటి రౌటర్ మామూలుగా 250 చిల్లర అడ్రస్‌లే ఇస్తుంది, మనిషికి రెండు ఫోన్లున్న రోజుల్లో అవి అయిపోతాయి, ఆ పరిధి ముందే పెంచించండి.

ఇంకోటి, కనెక్షన్ మీ స్నేహితుడి పేరు మీద ఉంది. ఎవరేం చేసినా ముందు ఆయన్నే అడుగుతారు. ఇంటి ప్లాన్‌ని ఇలా పంచుకోవచ్చా అని కంపెనీని అడగండి, పాస్‌వర్డ్ పెట్టండి, ఇచ్చినవాళ్ళ పేరూ నంబరూ పుస్తకంలో రాసుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఓష్కోష్ విమానాల జాతరలో రెక్క కిందే టెంటు వేసుకుని పడుకుంటారట. అక్కడ వైఫై వల్ల నిజం విమానాలకి ప్రమాదం లేదా? (బరంపురం పాఠకురాలు)

జవాబు: లేదమ్మా. ఆ జాతర విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏటా జూలైలో జరుగుతుంది, వచ్చినవాళ్ళు వేల సంఖ్యలో టెంట్లు వేసుకునే ఉంటారు. పైలట్లు టవర్‌తో మాట్లాడే రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్, నేల ఎంత దూరంలో ఉందో చెప్పే రేడియో ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. వైఫై ఈ రెండింటి దారిలోకీ రాదు. ఆ గొడవ పైన అడిగిన పర్లాకిమిడి వాళ్ళ చిన్న విమానాలకే.