ఎం.ఎస్. ఉన్న మనిషి చేత సిగరెట్ ఎలా మాన్పించాలి? మా అన్నయ్య విషయంలో జరిగింది

మీ ఆయనకి ఎం.ఎస్., అంటే మెదడు, వెన్నుపాము నరాలని దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు, అని తేలి రెండేళ్లయినా సిగరెట్ మానట్లేదని, అడిగితే "టెన్షన్‌కి అదొక్కటే మందు" అంటున్నారని రాశారు. అచ్చం మా అన్నయ్య మాటే అండి. డాక్టరు మానెయ్యమని ఒక్క ముక్కలో చెప్పి పంపేశారు, ఇంట్లో మేం రోజూ గొడవ, తను బాత్రూంలో దాక్కుని కాల్చడం. ఓ రోజు అన్నం కలుపుతుంటే చూశాను, చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇంత బొబ్బ. సిగరెట్ చివరిదాకా కాలి చర్మానికి తగిలినా తెలీలేదట, ఆ వేళ్లకి స్పర్శ లేదు మరి.

కేన్సర్ అని భయపెడితే నవ్వేవాడు. 2015లో స్వీడన్ వాళ్ల అధ్యయనం ఒకటి చదివి చెప్పాను. జబ్బు తేలాక కూడా కాలుస్తూ పోయినవాళ్లు 48 ఏళ్లకే సెకండరీ ప్రోగ్రెసివ్ దశకి, అంటే ఎటాక్ వచ్చి తగ్గడం పోయి మెల్లగా దిగజారుతూనే ఉండే దశకి, చేరుకుంటే మానేసినవాళ్లు 56కి చేరారట. అది విని మాట్లాడలేదు. అలాగని ఆ రోజే మానేశాడని కాదు.

అసలు సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. సాయంత్రం నాలుగింటికి కర్ర పట్టుకుని బడ్డీకొట్టుదాకా వెళ్లడం ఒక్కటే తను సొంతంగా చేసే పని, అక్కడ ఎవరూ తనని పేషెంట్‌లా చూడరు. సిగరెట్‌తో పాటు దాన్నీ లాక్కుంటున్నాం మేం. అందుకని వెళ్లొద్దనడం మానేసి నేనూ వెంట వెళ్లడం మొదలుపెట్టా, కొట్టు బాబాయికి చెబితే విడి సిగరెట్లు ఇవ్వడం ఆపేశాడు, టీ మాత్రం మామూలే.

మొదటిసారి తొమ్మిదో రోజుకే మళ్లీ ముట్టించాడు, తప్పు మాదే, స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించిన వారంలో మానిపించబోయాం, అసలే ఆ మందుకి నిద్రుండదు, చిరాకు. రెండోసారి ఒంట్లో నిలకడగా ఉన్నప్పుడు నికోటిన్ గమ్, 2 మిల్లీగ్రాములది, మొదలుపెట్టాం. దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు పట్టుకుంటాయి (పట్టుకున్నాయి!), నాలుగుసార్లు నమిలి దవడ పక్కన పెట్టుకోవాలి, టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా ఎక్కదు, పావుగంట ఆగాలి. మొదటి వారం "కాళ్లు ఇంకా బరువెక్కాయి, మానడం వల్లే" అన్నాడు. నిద్ర లేకపోయినా, ఎండకైనా పాత లక్షణాలే పైకి వస్తాయి, కంగారుపడకండి, కానీ కొత్త లక్షణం ఏదైనా 24 గంటలు దాటి ఉంటే మాత్రం డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే.

తను మానేసి ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356 నంబరుకి కూడా రెండుసార్లు చేశాం, ఉచితం.

ఇంకోటి, మీ ఆయన నడక కోసం ఫాంప్రిడిన్ వాడుతున్నారా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? సిగరెట్ మానడానికని ఎవరైనా బుప్రోపియాన్ రాస్తే వేసుకునే ముందు ఈ రెండూ న్యూరాలజిస్టుకి చెప్పండి, ఫాంప్రిడిన్‌లాగే దానితోనూ ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది.