సంతకం పెట్టే ముందు ఆమె ప్రశ్నకు జవాబు రాయండి

ప్రశ్న: నా వయసు 44. పంతొమ్మిదేళ్ళుగా ఒకే సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. మా సంస్థకు విడిభాగాలు తయారుచేసి ఇచ్చే ఒక చిన్న యూనిట్ యజమాని, వయసు మీదపడడంతో దాన్ని నాకు అమ్ముతానంటున్నారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కాదనిపిస్తోంది. నా భార్య మాత్రం "నష్టం వస్తే ఎంతవరకు పోతుంది?" అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. ఆమెకు నా మీద నమ్మకం లేదు. రెండు వారాలుగా మా మధ్య మాటలు లేవు. పిల్లలిద్దరు, పెద్దమ్మాయికి పదిహేనేళ్ళు. ఆమె ఒప్పుకోకపోయినా ముందుకు వెళ్ళడం తప్పంటారా? ఆఫీసులో కొత్తగా వచ్చిన అధికారి నా సలహాలను పక్కన పెట్టారని కూడా చెప్పాలి.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భార్య "వద్దు" అన్నట్టు అందులో ఎక్కడా లేదు. "ఎంతవరకు" అని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పినట్టు కూడా ఎక్కడా లేదు. జవాబు దొరకని మనిషి అదే ప్రశ్నను మళ్ళీ అడగడాన్ని మీరు అపనమ్మకంగా తీసుకున్నారు, బాధపడ్డారు. పంతొమ్మిదేళ్ళు ఇంటిని నిలబెట్టిన మనిషికి ఆ బాధ కలగడం నాకు అర్థమవుతుంది. అయితే ఉద్యోగంలో నష్టానికి ఒక హద్దు ఉంటుంది: ఉద్యోగం పోతే జీతం ఆగుతుందే తప్ప, అంతకుముందు దాచుకున్నది ఎవరూ వచ్చి పట్టుకుపోరు. సొంత వ్యాపారంలో ఆ హద్దు దానంతట అది ఉండదు, మనమే గీసుకోవాలి. ఆమె అడుగుతున్నది ఆ గీత ఎక్కడుందని. మీకు అప్పిచ్చే బ్యాంకు కూడా దాదాపు ఇదే అడుగుతుంది, అప్పుడు మీరు నొచ్చుకోరు.

వయసు మించిపోతోందన్న తొందర మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఆ బెంగ కొంత తగ్గించుకోవచ్చు. అమెరికాలో కంపెనీలు స్థాపించినవారి వివరాలను పెద్ద ఎత్తున పరిశీలించి ఆర్థికవేత్తలు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, అన్నిటికన్నా వేగంగా ఎదిగిన కంపెనీల స్థాపకుల సగటు వయసు, కంపెనీ పెట్టేనాటికి, 45 ఏళ్ళు. అదే రంగంలో ముందు పనిచేసి ఉన్నవారికి విజయావకాశాలు ఎక్కువగా ఉన్నాయని కూడా అందులో తేలింది. దీన్ని హామీగా మాత్రం చదువుకోకండి. అదే దేశపు కార్మిక గణాంకాల ప్రకారం కొత్తగా మొదలైన వ్యాపారాల్లో ఇంచుమించు అయిదింట ఒకటి ఏడాది తిరగకుండానే, సుమారు సగం అయిదేళ్ళలోపే మూతపడుతున్నాయి. మీరు కొనబోయేది నడుస్తున్న వ్యాపారం కాబట్టి ఆ లెక్క మీకు యథాతథంగా వర్తించదు. కానీ నడుస్తున్నదాన్ని కొనడంలో వేరే చిక్కులున్నాయి, వాటిలో ఒకటి మీ కళ్ళెదుటే ఉంది.

ఆ యూనిట్ సరుకు తీసుకునేవారిలో మీ సంస్థ ఒకటి. మొత్తం ఆర్డర్లలో దాని వాటా ఎంతో మీరు రాయలేదు. అది సగమో అంతకన్నా ఎక్కువో అయితే, మీరు కొంటున్నది యంత్రాలను కాదు, ఒక కొనుగోలు విభాగం వారి దయను. మీరు రాజీనామా చేశాక ఆ ఆర్డర్లు అలాగే కొనసాగుతాయనడానికి ఏ ఆధారమూ లేదు. అంతకన్నా ముఖ్యంగా, జీతం తీసుకుంటూనే మీ సంస్థకు సరుకు ఇచ్చే యూనిట్‌ను కొనడానికి మీరు మాట్లాడుకుంటున్నారు. ఇది పై అధికారులకు ముందే తెలియజేయవలసిన విషయం. మీ నియామక పత్రంలోని షరతులను, ముఖ్యంగా పోటీ వ్యాపారం గురించి, మరో వ్యాపారంలో వాటా గురించి ఉన్నవాటిని ఒక న్యాయవాదికి చూపించి, ఆ తర్వాత మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి. ఇతరుల నోట తెలిస్తే పంతొమ్మిదేళ్ళ మంచిపేరు, దానితోపాటు ఆ ఆర్డర్లు కూడా ఒక్కరోజులో పోవచ్చు.

ఇక లాభం సంగతి. యజమాని చూపించిన లాభంలోంచి ముందుగా ఆయన చేసే పనికి తగిన జీతం తీసివేయండి. చిన్న సంస్థల్లో యజమాని, కొన్నిచోట్ల ఆయన కుటుంబ సభ్యులు కూడా, జీతం రాసుకోకుండా పనిచేస్తారు. ఆ కష్టమంతా లెక్కల్లో లాభంగా కనిపిస్తుంది. పాతబడిన యంత్రాలను మార్చడానికయ్యే ఖర్చునూ తీసివేశాక ఏమైనా మిగిలితే అదీ అసలు లాభం. ఆ మిగులు మీ జీతం కన్నా తక్కువయితే, మీరు మరో ఉద్యోగాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్న మాట. నాలుగైదేళ్ళ బ్యాంకు ఖాతా వివరాలను పన్ను పత్రాలతో పోల్చి చూడమని మీ సొంత ఆడిటర్‌ను అడగండి, అమ్మేవారి ఆడిటర్‌ను కాదు. కంపెనీనే కొంటే దాని పాత బాకీలు కూడా మీ వెంట రావచ్చు, ఆస్తులను మాత్రమే కొంటే లెక్క వేరు. ఈ తేడా ఒప్పందం రాసుకోకముందే తేలాలి. మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకుండా కొంత భాగాన్ని వాయిదాల్లో ఇస్తాననీ, కొన్ని నెలలు ఆయన దగ్గరుండి పని అప్పగించాలనీ అడగండి. తన వ్యాపారం మీద తనకు నమ్మకమున్న మనిషి దీనికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు.

జీతానికి అలవాటుపడినవారిని ఎక్కువగా దెబ్బతీసేది నష్టం కన్నా ముందు నగదు కొరత. సరుకు ఈ నెల పంపితే డబ్బు రెండు మూడు నెలలకు వస్తుంది, పనివారి జీతాలు మాత్రం ఈ నెలే ఇవ్వాలి. కాగితం మీద లాభం ఉన్న సంస్థ కూడా ఇలా ఊపిరాడక ఆగిపోతుంది. అందుచేత కొనుగోలు ధర ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆ రోజువారీ పెట్టుబడి వేరుగా, కనీసం ఒక ఏడాది ఇంటి ఖర్చులు దానికీ వేరుగా పక్కన పెట్టుకోవాలి. ఉద్యోగంతో వచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోవచ్చు. చాలా పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు కొంతకాలం ఆగాలన్న షరతు ఉంటుంది కాబట్టి, మానేయకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి.

ఇల్లు తాకట్టు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పరిమిత బాధ్యత ఉన్న కంపెనీ అయితే సొంత ఆస్తికి భయం లేదని కొందరు ధైర్యం చెబుతారు. కానీ చిన్న సంస్థకు అప్పిచ్చేవారు సాధారణంగా యజమాని వ్యక్తిగత హామీ అడుగుతారు, ఆ సంతకంతో కంపెనీకీ ఇంటికీ మధ్యనున్న గోడ కూలిపోతుంది. ఇల్లు లేకపోతే ఈ కొనుగోలు కుదరదంటే, ఇది మీ స్తోమతకు మించినదని అర్థం.

మరొక మాట కూడా అడగాలి. కొత్తగా వచ్చిన అధికారి మీ సలహాలను పక్కన పెట్టారని మీ ఉత్తరం చివర రాశారు. ఆ గాయం ఈ నిర్ణయంలో ఎంత ఉందో మీరొక్కరే చెప్పగలరు. ఒక పరీక్ష చేసుకోండి: ఆ అధికారి రేపు బదిలీ అయి వెళ్ళిపోతే, ఆ యూనిట్ మీద మీకు ఇదే ఆశ ఉంటుందా? ఉంటుందనిపిస్తే, పై అధికారులకు చెప్పిన తర్వాత మీకున్న సెలవులన్నీ కలిపి మూడు నాలుగు వారాలు అక్కడ గడపండి. బాకీల కోసం ఫోన్లు చేయడం, యంత్రం ఆగిపోతే మెకానిక్ కోసం ఎదురుచూడడం, పనివారి తగాదాలు తీర్చడం, ఇవన్నీ చేశాక కూడా ఆ పని మీకు నచ్చితే అది అధికారి మీద కోపం కాదు.

మీరు అడిగినదానికి సూటిగా చెబుతున్నాను: ఆమె ఒప్పుకోకుండా వెళ్ళకండి. పోయేది ఇద్దరిదీ అయినప్పుడు పణం పెట్టే హక్కు ఒక్కరికే ఉండదు. ఈ వారంలో ఒక సాయంత్రం ఆమెతో కూర్చుని, "నువ్వు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు" అని మొదలుపెట్టండి. ఎంత సొమ్ము, ఎన్ని నెలలు, ఏ ఆస్తి ముట్టుకోకూడదు, ఏది జరిగితే మీరు వెనక్కి వచ్చి మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటారు అన్న నాలుగు విషయాలను ఆమె చేతే ముందు రాయించండి, ఆ తర్వాత మీది రాసి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పెద్దమ్మాయికి కూడా విషయం క్లుప్తంగా చెప్పండి. రెండు వారాల మౌనాన్ని ఆ పిల్ల ఇప్పటికే తనకు తోచినట్టు అర్థం చేసుకుని ఉంటుంది. యజమానికి మూడు నెలల గడువు కావాలని చెప్పండి. ఆయన ఆగలేనంటే ఎందుకు ఆగలేరో అడిగి తెలుసుకోండి, అప్పటివరకు అడ్వాన్సు ఇవ్వకండి.