మాచికాయ మొలవదు, రంగుకు మాత్రం బంగారం

ప్రశ్న: మాది రాతి చెలక. మూలికల దుకాణంలో మాచికాయలు కొని, నానబెట్టి నాటాను. నెల దాటినా ఒక్కటీ మొలవలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: మీ పనిలో లోపం లేదండి. మీరు నాటినవి గింజలే కావు, ఒక జాతి ఓక్ పొద కొమ్మల మీద లేచిన బుడిపెలు. చిన్న కందిరీగ లాంటి పురుగు లేత మొగ్గలో గుడ్డు పెడితే, పిల్లపురుగు చుట్టూ మొక్క ఉబ్బి గట్టిపడుతుంది. కానుగ ఆకుల మీద నల్లి (మొక్కల మీద బతికే అతి చిన్న పురుగు) వల్ల లేచే ఇలాంటి బుడిపెలు మీరు చూసే ఉంటారు. మాచికాయను కోసి చూడండి, నడుమ పురుగు గది కనిపిస్తుంది. పైన బెజ్జం ఉంటే పురుగు ఎగిరిపోయినట్టే.

ఆ పొద టర్కీ, సిరియా, ఇరాన్ రాతిగుట్టలది. దాని అసలు గింజ ఆరితే చచ్చిపోతుంది కాబట్టి దుకాణంలో నిలవ ఉండదు. బయటి దేశం నుంచి తెప్పించాలంటే దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) కావాలి. ఇంత చేసినా వాన దగ్గర చిక్కు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలమంతా పొడి. మన వేడిలో వానాకాలపు తడి కలిస్తే వేరు కుళ్లే ప్రమాదం ఎక్కువ. మీ చెలకకు తంగేడు మేలు. అది ఆకు రాల్చని పొద, బెరడులో తోలు ఊనే వగరు (టానిన్) ఉంది, పశువులు పెద్దగా ముట్టవు. మరిగించి దించిన నీళ్లలో గింజలు వేసి, రాత్రంతా ఉంచి, తొలకరికి విత్తండి.

ప్రశ్న: నూలుకు పటిక పట్టడం లేదు, రంగు వెలిసిపోతోంది. మాచికాయ వాడొచ్చా?
– ఒక నేత కార్మికురాలు, పుట్టపాక

జవాబు: తప్పకుండా వాడండి. పటిక నూలును నేరుగా సరిగా పట్టుకోదు, ముందు మాచికాయలోని వగరు ఎక్కాలి. కొనేటప్పుడు బెజ్జం లేని, బరువైన, నీలిపచ్చ కాయలే ఏరుకోండి. తెల్లబారి తేలికైన వాటిలో వగరు తక్కువ.

కిలో నూలుకు 80 నుంచి 100 గ్రాముల పొడి చాలు. నూలును ముందు బాగా ఉడకబెట్టి గంజి, జిడ్డు పోగొట్టాలి, లేకపోతే మరకలు పడతాయి. పొడిని రాత్రంతా నానబెట్టి, అరగంట సన్నని సెగ మీద కాచి, వడగట్టండి. గోరువెచ్చగా ఉండగానే తడి నూలు ముంచి, గంటసేపు తిప్పుతూ ఉంచి పిండండి. ఆ తర్వాతే పటిక నీళ్లు. గిన్నె స్టీలుదే కావాలి. ఇనుము తగిలితే నూలు బూడిదరంగు తిరుగుతుంది. నలుపే కావాలంటే పటిక బదులు అన్నభేది (ఇనుప లవణం) వేయండి. కానీ కిలోకు 20 గ్రాములు మించితే పోగు పెళుసెక్కి మగ్గం మీద తెగుతుంది.