ఆవిడ అయిష్టంగా సరేనన్నారు... కుక్కను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాట్. ఏడో తరగతి, నాలుగో తరగతి చదివే మా పిల్లలిద్దరూ కుక్కను పెంచుకుందామని చాలాకాలంగా అడుగుతున్నారు. నాకూ ఇష్టమే. నా భార్య మాత్రం ఒప్పుకునేది కాదు. చిన్నతనంలో వాళ్ల ఊళ్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు చేయించారట. పైగా తన ఉద్యోగం, ఇంటిపని, మా అమ్మగారి మడీ పూజా వీటి మధ్య ఇంకో చాకిరీ తన నెత్తినే పడుతుందని ఆమె బాధ. పిల్లల పోరు పడలేక మొన్న "తెచ్చుకుంటే తెచ్చుకోండి, నన్ను మాత్రం ఏ పనీ అడగొద్దు" అంది. దసరా సెలవుల్లో లాబ్రడార్ పిల్లను తెద్దామనుకుంటున్నాను. తెచ్చాక తనకే అలవాటవుతుందని స్నేహితులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ శ్రీమతి ఆ మాట విసిగిపోయి అన్నారని మీ ఉత్తరమే చెబుతోంది. దాన్ని పట్టుకుని దసరాకల్లా కుక్కపిల్లను తేవద్దని నా గట్టి సలహా. కుక్క సాధారణంగా 10 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న మీ బిడ్డ డిగ్రీ చదువు ముగించే నాటికి కూడా అది మీ ఇంట్లోనే ఉండవచ్చు, దాన్ని చూసుకోవాల్సింది అప్పుడు మీ దంపతులిద్దరే. తెచ్చాక అలవాటవుతుందన్న మాట కొన్ని ఇళ్లలో నిజమవుతుంది. నిజం కాని ఇళ్లలో ఆ కుక్క రోజంతా బాల్కనీలో గొలుసుకు కట్టేసి ఉంటుంది, లేదా ఏడాది తిరక్కుండానే చేతులు మారుతుంది. రోడ్డు మీద వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. పెంచుకున్న జంతువును కారణం లేకుండా అలా దిక్కులేనిదాన్ని చేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఆమె భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ రోజుల్లో రేబిస్ టీకాను గొర్రె మెదడు కణజాలంతో తయారుచేసేవారు. దాన్ని పొట్ట మీద రోజుకొకటి చొప్పున వరసగా ఎన్నో రోజులు వేయించుకోవాల్సి వచ్చేది, పసివాళ్లకు కుక్క కాటు కంటే ఆ సూదులే ఎక్కువ గుర్తుండిపోయేవి. ఆ టీకా వాడకం మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే టీకా నాలుగైదు డోసులతో పూర్తవుతుంది. ఈ సంగతి ఆమెకు కొంత ఊరటనిస్తుంది గానీ, పాత భయం సమాచారంతోనే పోదు కాబట్టి ఎలాంటి కుక్కను తెస్తున్నారన్నది చాలా ముఖ్యం.

కుక్కపిల్ల విషయంలో నాకున్న అభ్యంతరం ఇక్కడే. దాని పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. అవి ఊడి గట్టిపళ్లు వచ్చేదాకా, అంటే ఆరేడు నెలల వయసు వరకు, అది చీర కుచ్చిళ్లు, చున్నీ, కాలివేళ్లు, ఏది కదిలితే దాన్ని నోట పట్టి లాగుతూనే ఉంటుంది. మీరూ పిల్లలూ దాన్ని ఆటగానే చూస్తారు. ఒకసారి కాటు తిన్న మనిషి మాత్రం సొంత ఇంట్లోనే మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. ఏడాది తిరిగేసరికి లాబ్రడార్ 30 కిలోల దాకా పెరిగి, ప్రేమతోనే అయినా మనిషి మీదికి ఎగురుతుంది. అందుకని రెండు మూడేళ్ల వయసున్న, స్వభావం తెలిసిన, నెమ్మదైన దేశవాళీ కుక్కను జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకోవడం మీ ఇంటికి అన్నివిధాలా మేలు. బెజవాడ ఎండలను తట్టుకునే శక్తి కూడా వాటికి ఎక్కువ.

అదీ ఒక్కసారిగా వద్దు. మొదట మీ శ్రీమతిని వెంటబెట్టుకుని ఆ కేంద్రానికి రెండు మూడుసార్లు వెళ్లండి. ఆమె కూర్చుని ఉండగా కుక్కే దగ్గరకు వచ్చి వాసన చూసేలా ఉండాలి. దాని కళ్లలోకి సూటిగా చూడకుండా, తల మీద చెయ్యి వేయకుండా, ఆమెకు ధైర్యం కలిగినప్పుడు దాని రొమ్ము దగ్గర నిమిరితే చాలు. ఏది వద్దో చెప్పే హక్కు పూర్తిగా ఆమెదే. ఆ తర్వాత కొన్ని వారాలు తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుంటామని కేంద్రం వారిని అడగండి. చాలాచోట్ల అందుకు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక చాకిరీ సంగతి. "మేం చూసుకుంటాం" అని పిల్లలు ఇచ్చే మాట మనస్ఫూర్తిగానే ఇస్తారు, పరీక్షలు రాగానే అది నిలబడదు. ఆ పూచీ మీది. అందుకే కుక్క రాకముందే ఒక నెలపాటు మీరూ పిల్లలూ తెల్లవారుజామున ఐదున్నరకు లేచి కిందికి దిగి అరగంట నడవండి, వచ్చాక హాలు తడిగుడ్డతో తుడవండి, రాత్రి భోజనాలయ్యాక మళ్లీ దిగండి. వేసవిలో రోడ్డు కాలితే కుక్క పాదాలు బొబ్బలెక్కుతాయి గనుక ఆ వేళలు తప్పవు. రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద పిడుదులు ఉన్నాయేమో చూడాలి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. ఉల్లిపాయ కుక్కకు విషం కాబట్టి ఇంట్లో మిగిలిన సాంబారన్నం పెట్టడానికి లేదు, దాని తిండి విడిగా వండాలి. ఏటా రేబిస్ టీకా, వేళకు నట్టల మందు, సంక్రాంతికి ఊరెళితే ఎవరి దగ్గర ఉంచాలన్న ఏర్పాటు, ఇవన్నీ మీ పేరు మీదే రాసి పెట్టుకోండి. ఆ నెల రోజులు మీరు మానకుండా లేస్తే మీ శ్రీమతికి మీ మాట మీద నమ్మకం కుదరవచ్చు. మూడో రోజే మానేస్తే ఆమె ముందే చెప్పింది నిజమని మీకూ తెలుస్తుంది.

మీ అమ్మగారితో కూడా విడిగా మాట్లాడండి. పూజ గదికీ వంటింటికీ నడుమెత్తు తలుపు బిగించి, అక్కడికి రాకూడదని మొదటి రోజు నుంచే అలవాటు చేస్తే కుక్క త్వరగానే నేర్చుకుంటుంది. ఎక్కడైనా మూత్రం పోస్తే ఫినాయిల్ ఒక్కటే సరిపోదు. మన ముక్కుకు తెలియని వాసన దానికి తెలిసి మళ్లీ అక్కడికే వెళుతుంది. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణంతో తుడవాలి. కుక్కల పెంపకాన్ని నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘానికి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లోనే ఉంది, అయినా లిఫ్టులో తాడు పొట్టిగా పట్టుకోవడం, కింద చేసిన మలాన్ని మీరే ఎత్తడం మీ బాధ్యత.

ఇన్ని చేశాక, ఆ కొన్ని వారాల గడువు ముగిసిన తర్వాత కూడా ఆమె వద్దంటే కుక్కను తిరిగి అప్పగించి, ఆ నిర్ణయం మీరిద్దరూ కలిసి తీసుకున్నదేనని పిల్లలకు మీరే చెప్పండి. "అమ్మ వల్లే" అన్న మాట మీ ఇంట్లో వినిపించకూడదు. అప్పటివరకు దసరా అనీ దీపావళి అనీ పిల్లలకు ఏ తేదీ చెప్పవద్దు.