‘ఎర్తు’ పెట్టించడమా? రాడ్డు పాతించడమా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఫ్రిజ్ ముట్టుకుంటే ‘ఎర్తు కొడుతోంద’ని మిస్త్రీని పిలిపించి పెరట్లో రాడ్డు వేయించాం. శ్రీకాకుళంలో ఉన్న మా బావగారితో ‘మా ఇంటికి ఎర్తు పెట్టించాం’ అంటే, ‘ఎవరిచేత?’ అని ఆయన నవ్వారు. మిస్త్రీ ఇచ్చిన చీటీలో ‘అర్థింగ్’ అని ఉంది. ఏ రూపం సరైనది? దీనికి తెలుగు మాట లేదా? రాడ్డును పాతించాం అనాలా, దిగగొట్టించాం అనాలా? పాతిపెట్టించాం అనవచ్చునా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: మీ బావగారి నవ్వుకు కారణం ‘ఎర్తు’ కాదు, దాని ముందున్న ‘కి’. ‘ఎర్తు పెట్టడం’ అనే మాట కరెంటు పనిలో పుట్టినా, ఒకరి పదవికో ఉపాధికో చాటుగా ముప్పు తేవడమనే అర్థంలో తెలుగువారి నోట స్థిరపడి, ‘ఎసరు పెట్టడం’ అనే పాత జాతీయం పక్కన చేరింది. ఆ అర్థంలో వాడినప్పుడు నష్టపోయేవాటికి ‘కి’ విభక్తి వస్తుంది: వాడి ఉద్యోగానికి ఎర్తు పెట్టారు, ఆయన కుర్చీకి ఎర్తు పెట్టారు. మీ వాక్యంలో ‘ఇంటికి’ సరిగ్గా ఆ స్థానంలోనే పడింది. ‘ఇంట్లో ఎర్తింగ్ చేయించాం’ అని ఉంటే ఆయనకు నవ్వే అవకాశం దొరికేది కాదు.

మీరు గమనించని మరో చిత్రం మీ ప్రశ్న మొదటి వాక్యంలోనే ఉంది. ఫ్రిజ్ లోపల కరెంటు కాస్త కారి ఇనుప ఒంటి మీదికి వచ్చినప్పుడు, దానిని మనిషి గుండా కాకుండా తీగ గుండా నేలలోకి పంపించేది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో అన్నిటికంటే పొడవుగా, లావుగా ఉండే పిన్ను దానిదే. అది లేకపోవడం వల్లనో, తెగిపోవడం వల్లనో చెయ్యి జిల్లుమంటే మనం ‘ఎర్తు కొడుతోంది’ అంటున్నాం. రోగానికి మందు పేరు పెట్టినట్టయింది. శాస్త్రం ఒప్పుకోకపోయినా వాడుక ఒప్పుకుంది కనుక దీనిని తప్పని కొట్టివేయలేను. రాతలో మాత్రం ‘షాకు కొడుతోంది’ అని ఉంటే చదివేవారికి తికమక ఉండదు.

ఇక ‘అర్థింగ్’. ఆ ఇంగ్లీషు మాటలో ఉన్న అచ్చు మనకు లేదు. నర్సు, షర్టు, టర్ము వంటి మాటల్లో ఆ అచ్చునే మనం ‘అ’గా దించుకున్నాం, ‘ఎర్తు’, ‘ఎర్లీ’ అనేటప్పుడు చెవిని వదిలి స్పెల్లింగును అనుసరించాం. హిందీవారు చెవిని అనుసరించి ‘అర్థింగ్’ అని రాస్తారు కాబట్టి మీ మిస్త్రీ రాసినది ఉచ్చారణ దృష్టితో చూస్తే తప్పు కాదు, ఒక విధంగా మనకంటే దగ్గరగానే ఉంది. అయితే తెలుగు కంటికి ‘అర్థ’ కనబడగానే అర్థం, అర్థించడం గుర్తుకు వస్తాయి. కరెంటు మనల్ని ఏదో అడుక్కుంటున్నట్టు ఉంటుంది. అందుచేత తెలుగు రాతలో ఎర్తు, ఎర్తింగ్ రూపాలనే ఉంచుకోవడం మేలు. అమెరికావారి ‘గ్రౌండింగ్’ జోలికి పోవద్దు. మన ప్రభుత్వ పథకాల భాషలో యూనిట్లను ‘గ్రౌండింగ్’ చేయడమంటే మంజూరైనవాటిని అమలులోకి తేవడం.

తెలుగు మాట కావాలంటే కొందరు ‘భూసంధానం’, ‘భూ అనుసంధానం’ అని కూర్చారు. కూర్పులో దోషం లేదు గానీ, ఇవి వినగానే పట్టాదారు పుస్తకమూ ఆధార్ నంబరూ తలపుకు వస్తాయి. పైగా ‘భూమి’ అంటే మనకు గ్రహమూ అవుతుంది, పొలమూ అవుతుంది. కాలి కిందది ‘నేల’. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ‘నేలకు కలపడం’, ‘నేల తీగ’ అంటే వెంటనే బోధపడుతుంది. మీ ఇంట్లో మాత్రం ఎర్తే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, జనం నోట నలిగిన మాటను వెళ్లగొట్టి కొత్త సమాసాన్ని తెచ్చుకోవలసిన పని లేదు.

మీ ప్రశ్నలో నాకు నచ్చినది చివరి భాగం, ఎందుకంటే అక్కడ తెలుగు క్రియలు కరెంటు పనిని సరిగ్గా విడదీసి చూపిస్తాయి. ఎర్తింగుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043 రాడ్డునూ గొట్టాన్నీ వేరువేరుగా చెబుతుంది. రాడ్డు ఉక్కుదైతే కనీసం 16 మిల్లీమీటర్లు, రాగిదైతే 12.5 మిల్లీమీటర్లు లావుండాలి. దానిని సమ్మెటతో కొట్టి నేలలోకి పంపుతారు, మేకును కొట్టినట్టే. ఇది ‘దిగగొట్టడం’. గొట్టమైతే గొయ్యి తవ్వి నిలబెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి మన్ను కప్పుతారు. ఇది ‘పాతడం’, గుంజను, స్తంభాన్ని పాతినట్టు. మీ పెరట్లో గొయ్యి తవ్వారా, సమ్మెట దెబ్బలు వినిపించాయా అన్నది మీకే తెలుసు, క్రియను దానిని బట్టి ఎంచుకోండి.

‘పాతిపెట్టడం’ మాత్రం కుదరదు. పాతినదానికి తల పైన ఉంటుంది. పాతిపెట్టినది పూర్తిగా కనుమరుగవుతుంది, అందుకే ఆ మాట శవానికీ దాచిన సొమ్ముకూ చెల్లింది. ఎర్తు రాడ్డు తల కనబడుతూ ఉండాలి. తీగ బిగించిన క్లాంపు తుప్పు పట్టిందేమో అప్పుడప్పుడు చూడాలి, ఎండాకాలంలో నేల ఆరిపోతే కరెంటు సరిగా దిగదు కాబట్టి అక్కడ నీళ్లు కూడా పోయాలి.

మహేంద్రగిరి వైపు కొండ పక్క ఊళ్లలో మీ బంధువులెవరైనా ఇదే పని పెట్టుకుంటే, నాలుగు దెబ్బలకే కింద రాయి తగలవచ్చు. అప్పుడు రాడ్డు దిగదు, గొయ్యీ లోతు రాదు. పొడవుగా కాలువ తవ్వి అందులో లోహపు పట్టీని పడుకోబెట్టి మన్ను కప్పుతారు. ఆ పనికి దిగగొట్టడమూ పాతడమూ రెండూ సరిపోవు, ‘పట్టీ పరిపించాం’ అనాలి.